శోకంలో మనిషి, ప్రకటనలో ఫొటో

పోయిన మనిషి గురించి మనవాళ్ళు రెండు రకాలుగా చెబుతారు. ఒకటి శవం పక్కన కూర్చుని ఏడుస్తూ చెప్పేది. రెండోది దినాలకో ఏడాదికో పేపర్లో వేయించేది. మొదటిదాన్ని తెలంగాణ పల్లెల్లో శోకం పెట్టుడు అంటారు, కోస్తాలో రాగాలు తీసి ఏడవడం అంటారు. నాలుగక్షరాలు వచ్చిన ఇళ్ళలో దానికి విలువ లేదు. ‘ఆ రాగాలేమిటి, కాసేపు ఊరుకోండి’ అని కసురుతారు. రెండోదాని పేరు శ్రద్ధాంజలి. డబ్బు పోసి వేయిస్తాం కాబట్టి దాన్ని కత్తిరించి లామినేషన్ చేయించి దాచుకుంటాం. రెండూ ఒకే పని మీద పుట్టిన రచనలే. పక్కపక్కన పెట్టి చదివితే ఏది మెరుగు? నా ఓటు శోకానికి. అలాగని ప్రకటనకు రావలసిన మార్కులు ఎగ్గొట్టను.

ముందు ప్రకటన సంగతి. దాని నమూనా మనకందరికీ నోటికొచ్చు. పైన ‘ప్రథమ వర్ధంతి’ అనో ‘అశ్రునివాళి’ అనో వంపు తిరిగిన అక్షరాలు. నడుమ గుండ్రటి చట్రంలో ఫొటో, అటూ ఇటూ దీపాలు, వెనక మబ్బులు. కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఆ కింద రెండు మూడు లైన్లు: మీరు భౌతికంగా మా మధ్య లేకపోయినా మీ జ్ఞాపకాలు పదిలమనీ, మీ ఆశయాలే మాకు బాట అనీ, మీ ఆత్మకు శాంతి కలగాలనీ. అక్కడితో పోయినాయన వాటా అయిపోతుంది. మిగతా చోటంతా ఉన్నవాళ్ళది. కుమారులు, కోడళ్ళు, కుమార్తెలు, అల్లుళ్ళు, మనుమలు, మనుమరాళ్ళు. కొన్ని పేర్ల పక్కన యూఎస్ఏ, కొన్నింటి పక్కన రిటైర్డ్ హెడ్‌మాస్టర్, ఒక పేరు పక్కన మాజీ ఎంపీటీసీ. చెలకలో బోరు పడితే చాలు దేవుడా అనుకుంటూ బతికిన రైతుకు ఆశయాలు ఎప్పుడు పుట్టాయో ఆ ఇంట్లో ఎవరినడిగినా చెప్పలేరు.

ఇది రాసేవాళ్ళ తప్పు అనను. తయారయ్యే పద్ధతే అలాంటిది. మా పెద్దనాయన సంవత్సరీకం ముందు అన్నయ్యలతో కలిసి హనుమకొండలో ఒక డీటీపీ షాపుకు పోయాను. ఆపరేటర్ తల ఎత్తకుండానే ‘అన్నా, మొన్ననే ఒకటి చేసిన, ఫైలున్నది. పేర్లు, ఫొటో మార్చుదామా?’ అన్నాడు. స్క్రీన్ మీద ఎవరో తెలియని పెద్దమనిషి మబ్బుల మధ్య నవ్వుతున్నాడు. ఆపరేటర్ ఆయన ముఖం తీసేసి మా పెద్దనాయన ముఖం పెట్టాడు. ఆధార్ కార్డు ఫొటో కావడంతో అందులో పెద్దనాయన కాస్త బెదిరినట్టున్నాడు. బనీను మీద కండువా కప్పుకుని బతికిన మనిషికి క్షణంలో నల్లకోటు, ఎర్ర టై వచ్చాయి. అన్నయ్యలు ఏమీ అనలేదు. నిజానికి ఆ కోటు వాళ్ళకు నచ్చింది. పెద్దనాయన గురించి మేం చెప్పగలిగిన మాట ఒక్కటీ ఆ ప్రకటనలోకి పోలేదు, ఎందుకంటే మమ్మల్ని ఎవరూ అడగలేదు. పాత ఫైల్లో ఉన్న ‘మృదుస్వభావి, స్నేహశీలి’ అలాగే ఉండిపోయాయి. మా పెద్దనాయన బావి కాడ నిలబడి పిలిస్తే ఊరవతల గొర్లు తలెత్తేవి. అంత గొంతున్న మనిషిని మృదుస్వభావి అని అచ్చువేసి, ఊరంతా పంచి, ఇంటికొచ్చి భోజనం చేశాం.

పేపర్లు కూడా ఇందులో ఒక చెయ్యి వేశాయి. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. అంతకుముందు పేపర్లో పడాలంటే మంత్రో, మహాకవో అయి ఉండాలి. జిల్లా పేజీలొచ్చాక మండలంలో పోయిన మాజీ సర్పంచి, కల్లు సంఘం అధ్యక్షుడు, ప్రైవేటు బడి కరస్పాండెంటు, అందరూ పేపర్లో కనబడటం మొదలైంది. ఇది చిన్న మార్పు కాదు. ఎవరి చావు అచ్చుకు నోచుకోవాలి అనే హద్దు ఒక్కసారిగా ఊళ్ళ దాకా జరిగింది. కానీ చోటును సెంటీమీటర్ల లెక్కన అమ్మారు. కొలతకు డబ్బు కట్టేవాడు ఆ కొలతలో ముందు తన పేరు పట్టిస్తాడు. అందుకే ప్రకటనలో ఆ ఇంటి హోదా, చుట్టరికాల మర్యాద, ఎవరి పేరు ముందు రావాలన్న పేచీ, అన్నీ ఉంటాయి. పోయినవాడు మాత్రం వాటికి సందర్భంగా మిగులుతాడు.

ఇక అదే మనిషి మీద, అంతకు ఏడాది ముందు, ఆయన శవం ఇంకా వాకిట్లో ఉండగా విన్నది చెబుతాను. ఆయన అక్క, అంటే మా మేనత్త, పక్క మండలం నుంచి ఆటోలో వచ్చింది. మూలమలుపు దగ్గర దిగీ దిగగానే శోకం ఎత్తుకుంది. ఇంటి ముందుకు వచ్చేసరికి ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఆమె తమ్ముడి తల దగ్గర కూలబడి, ఊగుతూ, ఇలా చెప్పింది:

‘తమ్మీ, అత్తగారింటికాంచి నన్ను సైకిల్ మీద తోల్కొస్తివి, ముల్లు గుచ్చి టైరు పోతే తొవ్వంత నడిపిస్తివి, నా కొడుకును బుజం మీదేసుకుంటివి. బతుకమ్మకు చీర పెడ్తనంటివి, పెట్టకనే పోతివి. అవ్వ కడియాలు నీ పెండ్లాం కాళ్ళకేస్తివి, నాకు పంచియ్యకపోతివి. ఇగ నేనెవ్వల మీద అలుగాలె తమ్మీ?’

కడియాలు వేసుకున్న పెద్దమ్మ ఎదురుగానే కూర్చుని ఉంది. తలెత్తలేదు. ఎవరో ముసలామె వచ్చి ‘ఊకో బిడ్డా, ఊకో’ అంటూ మేనత్తను పట్టుకుంది.

దీన్ని రచనగా చూడండి. ఒక్క విశేషణం లేదు. మంచివాడనీ, ధర్మాత్ముడనీ, సౌమ్యుడనీ ఎక్కడా అనలేదు. అన్నీ క్రియలే: తోల్కొస్తివి, నడిపిస్తివి, వేసుకుంటివి, పోతివి. ఆ ‘తివి’ మళ్ళీ మళ్ళీ వచ్చి తాళం వేస్తుంది, కవి వెతుక్కునే అంత్యప్రాస ఆమెకు వ్యాకరణమే ఇచ్చింది. మూడు వాక్యాలు ముగిసేసరికి ఆ తమ్ముడు ఎలాంటివాడో మనకు అర్థమైపోతుంది. పంక్చరైన సైకిల్‌తో, మేనల్లుణ్ణి ఎత్తుకుని, అక్కను వెంటబెట్టుకుని నడిచినవాడు. మాట ఇచ్చి మరిచేవాడు. పెళ్ళాం దగ్గర మెత్తబడేవాడు. ప్రకటన ఆయనకు కోటు తొడిగింది, శోకం ఆయన చేతికి సైకిల్ ఇచ్చింది. రెండో తేడా ఇంకా పెద్దది. ప్రకటన పోయినాయన గురించి ఊరికి చెబుతుంది. పైకి ‘మీరు’ అని పిలుస్తుంది గానీ ఆ ‘మీరు’ పాఠకుడు వినడానికి. శోకం నేరుగా ఆయనతోనే మాట్లాడుతుంది. మనిషితో మాట్లాడుతున్నప్పుడు మృదుస్వభావివి అని మొహం మీద ఎవరంటారు? జరిగింది గుర్తుచేస్తారు, రావలసింది అడుగుతారు.

అడగడం అన్నదే నా దృష్టిలో ఈ రచనకు ప్రాణం. ఆ కడియాల మాట లేకపోతే సైకిల్ మాట కూడా సగమే నమ్ముతాం. ఫిర్యాదు ఉన్నచోట ప్రేమకు సాక్ష్యం పెద్దగా అవసరం పడదు. ఎవరి మీద అలగాలి అన్న ఆ చివరి ప్రశ్న విన్నాక, డెబ్బై ఏళ్ళు దాటిన ఆ ఇద్దరూ ప్రతి పండక్కీ అలుగుతూ, మాట్లాడుకుంటూ వచ్చారని కొత్తవాడికైనా తెలిసిపోతుంది.

శోకాన్ని మరీ ఆకాశానికెత్తడం కూడా సరికాదు. అందులోనూ అరిగిపోయిన మాటలు బోలెడు. నన్నెవరికి అప్పజెప్పి పోతివి, పిలిస్తే పలుకవైతివి, ఇవి ప్రతి చావులో, ప్రతి నోట వింటాం. వచ్చిన ప్రతి చుట్టమూ కొత్తగా ఎత్తుకోవాలి, ఎత్తుకోకపోతే ‘కన్నీటి చుక్క పెట్టలేదు’ అని నెలల తరబడి చెప్పుకుంటారు. కోడలి మీద కక్ష తీర్చుకోవడానికి శోకాన్ని వాడుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ పెద్దమ్మకు కడియాల విషయంలో తన వాదన ఒకటి ఉండే ఉంటుంది, అది చెప్పుకోవడానికి ఆ రోజు వీల్లేదు. అయినా ఒక భేదం ఉంది. శోకంలో అరిగిన మాట ఊపిరి తీసుకోవడానికి పనికొస్తుంది, అది పాడుతుండగా తర్వాతి జ్ఞాపకం నోటికొస్తుంది. ప్రకటనలో అరిగిన మాట తర్వాత ఇంకేమీ రాదు.

శోకానికి ఉన్న అసలు లోటు వేరు. అది మిగలదు. సాయంత్రానికి శవం లేస్తే శోకం కూడా లేచిపోతుంది. తేదీ లేదు, ఊరు పేరు లేదు, వయసు లేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత మనుమడొకడు తాత ఎప్పుడు పోయాడని వెతుక్కుంటే దొరికేది ఆ లామినేషన్ కాగితమే. వారసత్వం సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగిన వాళ్ళకు తేదీ విలువ తెలుసు. ప్రకటనకు నేను మార్కులిచ్చేది ఇక్కడే.

మరి శోకానికున్న ప్రాణం, అచ్చుకున్న ఆయుష్షు రెండూ కలిసిన రచన మనకు ఉందా? ఉంది. మనలో చాలామంది దాన్ని ఆ దృష్టితో చదవలేదు. ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చింది. తెరవగానే ఉండేది విప్లవ గీతం కాదు, చావు కబురు. స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావు కోసం శ్రీశ్రీ రాసిన అంకితం. (ఇప్పుడా పుస్తకం పేరును హైదరాబాద్‌లో శ్మశానానికీ, ఆంధ్రలో ఆసుపత్రి నుంచి శవాలను చేర్చే బండికీ పెట్టుకున్నాం. పాండవుల చివరి ప్రయాణం పేరు అసలు చోటికి తిరిగొచ్చిందనుకోవాలి.) కొంపెల్ల ‘ఉదయిని’ అనే పత్రిక నడిపినవాడు, నాటకాలు రాసినవాడు, సాహిత్యం తప్ప వేరే ధ్యాస లేనివాడు. క్షయతో 1937లో పోయాడు. ముప్ఫై ఏళ్ళు. ఆయనకు రంగుల ప్రకటన వేయించే అల్లుళ్ళు లేరు.

ఆ కవితను మా మేనత్త శోకం పక్కన పెట్టి చూడండి. మొదటి పలుకే పోయినవాడితో. తల వంచుకుని వెళ్ళిపోయావా అని స్నేహితుణ్ణి అడుగుతూ మొదలవుతుంది. ఇదీ ‘తివి’ గొంతే. పొగడ్త కాకుండా నిష్ఠూరం ముందు రావడం కూడా శోకం పోకడే. అయితే శ్రీశ్రీ ఆ నిష్ఠూరాన్ని చివరిదాకా పోయినవాడి మీదే ఉంచలేదు. నువ్వు పోతే ఎవరు ఏడ్చారు, ఆఫీసులు మూయలేదు, సారా కొట్ల బేరం తగ్గలేదు అని లోకం వైపు తిప్పాడు. మా మేనత్త ఏడ్చింది అప్పటికే ఏడుస్తున్న ఇంట్లో, ఆమెను పట్టుకోవడానికి ఒక ముసలమ్మ ఉంది. శ్రీశ్రీ ఏడ్చింది చావును పట్టించుకోని పట్నంలో. అందుకే అక్కడ ఆఫీసుల జాబితా, కొట్ల జాబితా అవసరమైంది. పేపర్ ప్రకటన ‘అశేష ప్రజానీకం శోకసముద్రంలో మునిగింది’ అని అబద్ధం చెప్పే చోట ఆ కవిత ఎవరూ మునగలేదని చెప్పింది. తెలుగులో స్మృతి రచన అనదగ్గవాటిలో ఇంత నిజాయితీగా మొదలైనది నాకు ఇంకొకటి గుర్తు రావడం లేదు.

అయినా ఒక వెలితి చెప్పకుండా ఉండలేను. ఆ కవిత చదివితే లోకం కొంపెల్లను ఎలా చూసిందో తెలుస్తుంది, కొంపెల్ల ఎలా నవ్వేవాడో తెలియదు. ఓడిపోయిన కళాకారులందరికీ ఆయన ప్రతినిధి అయిపోయాడు. సైకిల్ లాంటిది ఒక్కటి, ఆయనకే చెందిన వస్తువు ఒక్కటి, ఒక అలవాటు, ఒక పిచ్చి అందులో పడి ఉంటే ఎంత బాగుండేది. ఈ ఒక్క విషయంలో చదువురాని మా మేనత్త మహాకవిని మించింది. విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయినప్పుడు ‘వరలక్ష్మీ త్రిశతి’ రాసుకున్నారు. మూడు వందల పద్యాలకు సరిపడా గుర్తులు, వాటిని పట్టే ఛందస్సు ఉన్న మనిషికి ఆ దారి వేరు. మామూలు ఇళ్ళలో మనకుండేది పది వాక్యాల చోటు.

పది వాక్యాలు కూడా అక్కర్లేదని కాళోజీ చూపించారు. 1979 అక్టోబరులో జయప్రకాశ్ నారాయణ్ పోయినప్పుడు పుట్టుకనూ చావునూ ఆయనకు వదిలి, మధ్యనున్న బతుకంతా దేశానికి జమకట్టిన మాట ఆయనది. జేపీకి అది కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఎమర్జెన్సీలో జైలుకు పోయి, మూత్రపిండాలు దెబ్బతిని, డయాలిసిస్ మీద బతికి పోయిన మనిషి. కానీ ఆ మాట గతి చూడండి. ఇప్పుడది ప్రతి చౌరస్తాలో ఫ్లెక్సీ మీద ఉంది. రియల్ ఎస్టేట్ చేసి పోయిన కార్పొరేటర్ కింద కూడా అదే. అంత చక్కటి మాట కావడమే దానికి శాపమైంది. ఎవరికైనా అతికించవచ్చు. శ్రీశ్రీ కవితను అలా అతికించలేం, కొంపెల్ల పేరు తీసేస్తే అది కూలిపోతుంది. మా మేనత్త శోకాన్ని అసలే అతికించలేం, కడియాలు అడ్డొస్తాయి. సొంతవాళ్ళ కోసం రాయడానికి కూర్చున్నవాడు ఈ మూడింటిలో దేని దారిన పోవాలి? కాళోజీ మాట ఎంత గొప్పదైనా, దాని దారిన మాత్రం కాదు. అది ఒక జాతి ఒక నాయకుడికి చెప్పుకునే మాట, అమ్మకు నాన్నకు చెప్పుకునేది కాదు.

‘మరి చెడ్డ సంగతులు కూడా రాయమంటారా’ అని అడిగేవాళ్ళుంటారు. పోయినవాళ్ళ గురించి చెడు అనగూడదన్నది మన ఇళ్ళలో గట్టి పట్టింపు, దాన్ని నేను తీసిపారేయను. కానీ తాగుడు, కోపం, పీనాసితనం చెప్పడానికి మన నోళ్ళలో ఎప్పటి నుంచో ఒక మర్యాద ఉంది. ‘మాట కటువు గానీ మనసు వెన్న’ అంటే ఇంట్లో గిన్నెలు ఎగిరేవని అర్థం. ‘చెయ్యి గట్టి’ అంటే పైసా రాలేది కాదని. ‘నలుగురితో కలిసిపోయేవాడు’ అంటే సాయంత్రాలు ఎక్కడుండేవాడో విన్నవాళ్ళు గ్రహిస్తారు. లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ మరణవార్తల పేజీకి 1986లో హ్యూ మాసింగ్‌బర్డ్ సంపాదకుడయ్యాక సరిగ్గా ఇలాంటి దొంగ మర్యాదలతోనే ఆ పేజీని జనం ఎగబడి చదివేలా చేశాడు. తాగుబోతును సరదా మనిషి అనడం, అబద్ధాలకోరును తన సాహసాలను రంగులద్ది చెప్పేవాడు అనడం అక్కడి తీరు. మనకు ఆ విద్య అరుగుల మీద పుష్కలంగా ఉంది, అచ్చులోకి రానివ్వలేదు అంతే.

అమెరికాలో పోయిన మన పెద్దవాళ్ళకు ఇప్పుడు రెండు రచనలు పుడుతున్నాయి. ఫ్యూనరల్ హోమ్ కోసం పిల్లలు ఇంగ్లీషులో ఒకటి రాస్తారు. అందులో అమ్మ ఫలానా జిల్లాలో పుట్టిందనీ, పెళ్ళయ్యాక డిగ్రీ కట్టిందనీ, పెరట్లో గోంగూర పెంచి వీధి వీధంతా పంచిందనీ ఉంటుంది. వాట్సాప్ కోసం తెలుగులో ఇంకొకటి తయారవుతుంది. అందులో మబ్బులు, దీపాలు, పవిత్ర ఆత్మ. ఒకే అమ్మ, ఒకే పిల్లలు. ఇంగ్లీషులో రాసేటప్పుడు అమ్మ ఏం చేసేదో చెప్పడం అక్కడి అలవాటు కాబట్టి చెప్పారు. తెలుగులో అది చెప్పే అలవాటు శోకానికి ఉంది, కానీ శోకం పెట్టడం వాళ్ళకు రాదు, సిగ్గు కూడా. గోంగూర తెలుగు కాగితంలోకి రాకపోవడానికి వేరే కారణం లేదు.

ఆడవాళ్ళ విషయానికొస్తే రెండింటి మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. తల్లి పోయినప్పటి ప్రకటనలు తీసి చూడండి. శ్రీమతి ఫలానా, భర్త కీర్తిశేషులు ఫలానా, ‘మాతృమూర్తి’, ‘అన్నపూర్ణ’. ఆమె పొలంలో కలుపు తీసిందా, బీడీలు చుట్టిందా, బడిలో పాఠాలు చెప్పిందా, ఏమీ తెలియదు. మగవాళ్ళకు ఉద్యోగం పేరైనా ఉంటుంది. అదే ఇంట్లో కూతురు ఎత్తుకున్న శోకం వినండి. నెత్తి మీద గంప పెట్టుకుని సంతకు పోయిందీ, పుస్తెలు కుదువ పెట్టి ఫీజు కట్టిందీ, తను తిన్నానని చెప్పి పస్తు పడుకుందీ వరసగా వస్తాయి. ఆడదాని బతుకు లెక్క రాసిపెట్టుకున్న పద్దు పుస్తకం మన దగ్గర అదొక్కటే, దాన్నే గోల అని కసురుతున్నాం.

అంచేత తల్లిదండ్రుల కోసం నాలుగు మాటలు వేయించాలనుకున్నవాళ్ళు డీటీపీ షాపుకు పోయేముందు ఆ రోజు ఎవరు ఏమని ఏడ్చారో ఒకసారి గుర్తు చేసుకుంటే సగం పని అయిపోతుంది. మేనత్తకు ఫోన్ చేస్తే మిగతా సగం. ఆ మాటల్లోంచి ఒక పని, ఒక వస్తువు, వీలైతే ఒక నిష్ఠూరం తీసుకోవాలి. మా పెద్దనాయనకు ఇలా వేయించి ఉండొచ్చు: ‘గొంతు పెద్దది. పంక్చరైన సైకిల్ నెట్టుకుంటూ, మేనల్లుణ్ణి ఎత్తుకుని అక్కను పుట్టింటికి తెచ్చాడు. ఆమెకు బతుకమ్మ చీర బాకీ ఉన్నాడు.’ తేదీలు, ఊరు పేరు ఎలాగూ ఉంటాయి. కుటుంబసభ్యుల పేర్లూ ఉండనివ్వండి, వాళ్ళూ డబ్బు పెట్టారు కదా. చోటు చాలదంటే అల్లుళ్ళ హోదాలు తీసేయండి. రెండు లైన్లు మిగులుతాయి.